పదకొండు నెలల ఊరు

ఈ నెల పదో తారీఖుతో మా యింటి అద్దె కాగితం గడువు తీరిపోయింది. పదకొండు నెలలకొకసారి కాగితం రాసుకోవడం ఈ ఊళ్ళో ఆనవాయితీ. ఇప్పటికి పది కాగితాలయ్యాయి. పదకొండోది బల్ల మీద పెట్టుకుని, మూడు రోజులుగా కలం మూత తీస్తున్నాను, మళ్ళీ పెడుతున్నాను.

‘సినిమా కబుర్లు చెప్పవయ్యా అంటే యింటద్దె గొడవ ఎత్తుకున్నాడేమిటీయన?’ అని పేజీ తిప్పెయ్యకండి. సినిమా దగ్గరికే వస్తున్నా. అసలు మన తెలుగు సినిమాయే కాపురం మార్చుకుని ఈ ఊరొచ్చిందన్న సంగతి మీకు తెలియంది కాదుగదా!

సంతకం దగ్గర చెయ్యి ఆగడానికి కారణం మా అమ్మ. తెనాలి నుంచి ఫోను చేసింది.

‘‘ఒరే అబ్బాయ్! మీకు పిల్లా జెల్లా లేరు. ఇస్కూలు ఫీజుల బాధ లేదు. ఇక్కడ నాలుగు గదుల యిల్లు బూజు పట్టిపోతోంది. నువ్వు రాసే రాతలు ఏ ఊళ్ళో కూచుని రాసినా రాతలేగా? ఇంకా అక్కడ దేనికోసంరా వుండటం?’’

దేనికోసం? నా దగ్గర సమాధానం లేదు. ‘‘ఆలోచిస్తానమ్మా’’ అన్నాను. జవాబు లేనివాడు చెప్పే మాటే అది.

పిల్లలున్నవాళ్ళకి ఈ బెడద లేదు చూడండి. హైదరాబాదులో ఎందుకున్నారని ఎవర్నడిగినా ఠక్కున చెబుతారు. ‘పెద్దాడి టెన్త్ అయ్యేదాకానండీ’, ‘అమ్మాయి ఇంటర్‌లో వుందండీ, ఇప్పుడు కదిలిస్తే ఎలా?’ నిజంగా పిల్లల కోసమే వున్నారా, పిల్లల్ని అడ్డం పెట్టుకుని తమకోసం వున్నారా అని ఎవరూ ఆరా తియ్యరు. పిల్లల పేరు చెబితే చాలు, ప్రశ్న అక్కడితో సరి. పిల్లల్లేనివాళ్ళకి ఆ సౌకర్యం లేదు. పదకొండు నెలలకోసారి మళ్ళీ మొదటినుంచీ ఆలోచించుకోవాలి. వుందామా? పోదామా?

నా ఒక్కడి సంగతే అయితే పేజీ ఖరాబు చెయ్యను. అమీర్‌పేట చౌరస్తాకీ పంజగుట్ట చౌరస్తాకీ మధ్య సందుల్లో మాలాంటివాళ్ళు చాలామందే వున్నారు. పెళ్ళయి పిల్లల్లేనివాళ్ళు, పెళ్ళే చేసుకోనివాళ్ళు, తోడు పోయి ఒంటరిగా మిగిలినవాళ్ళు. ఏదో పనిమీద వచ్చారు. పని అయిపోయింది. ఐనా పోలేదు. ఎందుకు పోలేదో ఈ మూడు రోజులూ కనబడ్డవాళ్ళనల్లా అడిగాను.

* * *

మొదట అడిగింది సారథి స్టూడియో దగ్గర టీకొట్టులో పరిచయమైన ఒక పాత కాస్ట్యూమర్ని. పేరు రాయొద్దన్నారు కాబట్టి పెద్దాయన అందాం.

కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. అమీర్‌పేట అనగానే ఇప్పుడు కంప్యూటరు కోర్సులే గుర్తొస్తాయిగానీ, అంతకు చాలా ముందే అక్కడ సినిమా కాపురం పెట్టింది. హైదరాబాదులోనే మొత్తం తయారైన తొలి తెలుగు చిత్రంగా చెప్పుకునే ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో వచ్చింది. అది సారథి స్టూడియోలో తీసిందే. ఆ స్టూడియో ఇప్పటికీ అక్కడే వుంది. అక్కినేని నాగేశ్వరరావుగారు 1960లలోనే మద్రాసు నుంచి యిక్కడికి మకాం మార్చి, 1976లో బండరాళ్ళ మధ్య అన్నపూర్ణ స్టూడియో కట్టించారు. నందమూరి వారి రామకృష్ణా స్టూడియో నాచారంలో వెలసింది. మా తెనాలి పక్క బుర్రిపాలెం బుల్లోడు కృష్ణగారు పద్మాలయా స్టూడియో పెట్టారు. ఐనా పరిశ్రమ ఒక్కసారిగా రైలెక్కి వచ్చెయ్యలేదు. 1980లలో కూడా చాలామంది తారల యిళ్ళూ, రికార్డింగు థియేటర్లూ, లాబొరేటరీలూ మద్రాసులోనే వున్నాయి. షూటింగు యిక్కడ, కాపురం అక్కడ. ఆ రాకపోకలు తగ్గి, కాపురం పూర్తిగా యిటు మారడానికి ఇంచుమించు మూడు దశాబ్దాలు పట్టింది.

పెద్దాయన 1983లో దిగారట.

‘‘కంపెనీవాళ్ళు హైదరాబాదు రమ్మంటే మావాళ్ళంతా పిల్లల పరీక్షలయ్యాక వస్తామన్నారు సార్. కోడంబాకం స్కూళ్ళలో చదువుతున్నారుగా మరి! మాకు పిల్లల్లేరు. నేనూ మా ఆవిడా రెండు ట్రంకుపెట్టెల్తో మొదటి బండికే వచ్చేశాం. ‘నీకేంటయ్యా, కదిలే కాపురం, ఎటు తోస్తే అటు పోతుంది’ అని నవ్వారంతా.’’

టీ ఒక గుక్క తాగి, తనే నవ్వారు.

‘‘ఇప్పుడు చూడండి. ఆ నవ్వినవాళ్ళలో ఒక్కళ్ళూ యిక్కడ లేరు. కొడుకు వెనకాల ఒకాయన బెంగుళూరు పోయాడు. కూతురి వెనకాల ఇంకొకాయన అమెరికా పోయాడు. అక్కడ మంచులో బయటికి కదల్లేక కిటికీలోంచి చూస్తూ కూచుంటున్నాట్ట, ఫోన్లో ఏడుస్తాడు. కదిలే కాపురం అన్న నేనేమో, ఈ బెంచీ మీదే వున్నా!’’

నేను తెల్లబోయాను. పిల్లలు లంగరులాంటివాళ్ళనీ, వాళ్ళు లేనివాళ్ళు గాలికి కొట్టుకుపోతారనీ మనం అనుకుంటాం. పెద్దాయన లెక్క వేరు. పిల్లలు ఆపినన్నాళ్ళు ఆపుతారు. రెక్కలొచ్చాక తమతోపాటు లాక్కుపోతారు. లాగేవాళ్ళు లేనివాడు కాలు పెట్టినచోటే వేరు తన్నుతాడు.

సినిమా కార్మికులకి మణికొండ వైపు ప్రభాకరరెడ్డిగారి పేరుమీద చిత్రపురి కాలనీ వుందిగదా, దూరపు బంధువొకడు అక్కడ తన దగ్గరికి వచ్చెయ్యమన్నాడట. భార్య పోయి ఆరేళ్ళయింది, ఒక్కడివీ ఆ గదిలో ఏం చేస్తావన్నాడట.

‘‘మరి వెళ్ళలేదేం?’’ అన్నాను.

పెద్దాయన టీకొట్టువాడి వైపు గడ్డంతో చూపించారు. ‘‘నాకు చక్కెర జబ్బని వాడికి తెలుసు. నేను మర్చిపోయి బాదం పాలడిగినా పొయ్యడు, పోట్లాడతాడు. కొత్తచోట కొత్తవాడు అడిగినవన్నీ పోసేస్తాడు సార్. చచ్చిపోతాం.’’

* * *

సరే, వుండటం సంగతి తర్వాత. ఈ ఊళ్ళో మాలాంటివాళ్ళు అడుగుపెట్టడమే ఒక గండం.

2016లో నేనూ, మా ఆవిడా ఇల్లు వెతికాం. మెట్రో స్తంభాలు అప్పుడే లేస్తున్నాయి. అమీర్‌పేట రోడ్లన్నీ దుమ్ము. ఎక్కడ ‘టు లెట్’ బోర్డు కనబడి తలుపు తట్టినా ఒకటే ప్రశ్న: ‘‘ఫ్యామిలీయా? బ్యాచిలర్సా?’’

‘‘ఫ్యామిలీనేనండీ’’ అంటాం.

‘‘పిల్లలెంతమంది?’’

‘‘లేరండీ.’’

అంతే. ఇంటావిడ ముఖంలో ఒక నీడ. బ్యాచిలర్స్ అని తోసెయ్యడానికి లేదు, ఫ్యామిలీ అని పిలవడానికి మనసొప్పదు. ఒకావిడైతే ‘‘మరి ఎప్పుడు?’’ అని తారీఖు అడిగినట్టే అడిగింది. ఇంకొకాయన సగం తీసిన తలుపు అలాగే పట్టుకుని మా మెళ్ళో, చేతుల్లో, కాళ్ళకీ వెతికాడు, పెళ్ళి గుర్తులకోసం.

మీకు ‘మిస్సమ్మ’ గుర్తుకు రావడంలా? 1955లో విజయా వారు తీసిన చిత్రం. జమీందారుగారికి బడి నడపడానికి టీచర్లు కావాలి, కాని వాళ్ళు భార్యాభర్తలై వుండాలి. వుద్యోగం కోసం రామారావూ, సావిత్రీ మొగుడూ పెళ్ళాల వేషం కడతారు. 1990ల మొదట్లో వచ్చిన ‘చిత్రం భళారే విచిత్రం’లో యిల్లు దొరకడం కోసం నరేశ్ ఏకంగా చీరే కట్టాడు. రెండిటికీ హాలు హాలంతా నవ్వింది. నవ్వెందుకొచ్చిందంటే, ప్రతివాడికీ ఆ తలుపు దగ్గర నిలబడ్డ అనుభవం వుంది కాబట్టి. పెళ్ళి కానివాళ్ళు పెళ్ళయిందని నటించొచ్చు. పిల్లల్లేనివాళ్ళు ఏం వేషం కట్టాలి చెప్పండి!

అన్నట్టు, మన సినిమాల్లో పిల్లల్లేని దంపతులకి దొరికే వేషాలు గమనించారా? రెండే రెండు. గుళ్ళో దొరికిన పసివాణ్ణి పెంచి హీరోని చెయ్యడం ఒకటి. సోఫాలో కూచుని వేరేవాళ్ళ ఉయ్యాల చూసి కళ్ళొత్తుకోవడం రెండోది. శనివారం సాయంత్రం సత్యం థియేటరుకి వెళ్ళి సినిమా చూసి, వచ్చేదారిలో మిర్చిబజ్జీ తిని, ఇంటికొచ్చి హాయిగా పడుకునే దంపతుల్ని తెరమీద నేనింతవరకూ చూడలేదు. ఆ సత్యం థియేటరూ పోయిందిలెండి. దాన్ని పడగొట్టినచోట పెద్ద మాల్ లేచి, 2023లో అందులో అల్లు అర్జున్ భాగస్వామిగా కొత్త మల్టీప్లెక్సు తెరిచారు. బజ్జీల బండి మాత్రం నాలుగడుగులు జరిగి బతికే వుంది.

చివరికి మాకు యిల్లిచ్చింది ఒక రిటైర్డు టీచరుగారు. ఆవిడ ఒకటే అడిగారు: ‘‘నీళ్ళు ఎక్కువ వాడతారా?’’ లేదన్నాం. తాళం చేతిలో పెట్టారు.

* * *

మరి ఈ ఊళ్ళో మమ్మల్ని పట్టుకుని వున్నదేమిటి? అందరూ చెప్పే కారణాలు ఒక్కొక్కటే తిరగేసి చూశాను.

వుద్యోగమా? నా ఉద్యోగమే ఉద్యోగం కాదు. రాస్తే డబ్బులు, లేకపోతే లేవు. మా ఆవిడ పంజగుట్టలో ఒక చీరలకొట్లో లెక్కలు రాస్తుంది. ఆ మాట కొస్తే తెనాలిలోనూ చీరలకొట్లున్నాయి, వాటికీ లెక్కలుంటాయి.

ఇల్లు చవకా? ఆ మాటంటే అద్దె కాగితం కూడా నవ్వుతుంది. ఎర్రలైనూ, నీలంలైనూ రెండు మెట్రోలూ కలిసేది అమీర్‌పేటలోనే. 2017 నవంబరులో మెట్రో మొదలైన దగ్గర్నుంచీ ‘స్టేషనుకి అయిదు నిమిషాలండీ’ అన్న ఒక్క ముక్కతో అద్దెలు మెట్లెక్కాయి. ఎస్కలేటరే ఎక్కాయి.

ఊరు అందమా? అమీర్‌పేటని అందమైన ఊరని ఎవరైనా అంటే ఆయన కళ్ళజోడు మార్చుకోవాలి. గోడ కనబడకుండా కోర్సుల పోస్టర్లు, ఆకాశం కనబడకుండా హాస్టలు బోర్డులు. మైత్రీవనం దగ్గర సాయంత్రం ఆరింటికి నిలబడితే మీరు నడవక్కర్లేదు, జనమే నడిపిస్తారు.

పైగా ఇది నిలవడానికి కట్టిన పేట కాదు. వచ్చి, మూడు నెలలు కోర్సు నేర్చుకుని, మాధాపూరో బెంగుళూరో అమెరికానో పోవడానికి కట్టింది. అందరూ ఎక్కడికో పోతున్నవాళ్ళే. ఇక్కడ వుండిపోవడమంటే రైల్వే ప్లాట్‌ఫారం మీద పొయ్యి పెట్టుకుని వంట చేసుకున్నట్టే!

మరి ఎందుకున్నాం? నాకు తెలిసినంతలో దీని జవాబు మొదటిసారి కనబడింది 2020 మార్చిలో.

ఆ నెల 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించారు గదా. మర్నాడు పొద్దున్నే మా చుట్టుపక్కల హాస్టళ్ళలో పిల్లల్ని ఖాళీ చెయ్యమంటున్నారని గోల. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, పంజగుట్టల్లో వుండే కుర్రాళ్ళూ, అమ్మాయిలూ సంచులు భుజాన వేసుకుని, ఊరెళ్ళడానికి అనుమతి కాగితాల కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. కాగితం దొరికి బయల్దేరినవాళ్ళని జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆపేశారు. హాస్టళ్ళు ఖాళీ చేయించకూడదని ప్రభుత్వం తర్వాత చెప్పింది. కానీ ఆ ఒక్కరోజులో పేట సగం ఖాళీ అయినట్టనిపించింది. అంత నిశ్శబ్దం అమీర్‌పేటలో నేను మళ్ళీ వినలేదు.

అమ్మ ఫోను చేసి, ఎలాగోలా వచ్చెయ్యమని ఏడ్చింది. ఎలా వస్తాం? సరే, తలుపేసుకుని కూచున్నాం. మూడోరోజు పొద్దున మా సందు మొదట్లో వుండే కిరాణాకొట్టు కుర్రాడు (వాళ్ళది నల్లగొండ జిల్లా) కింద నిలబడి కేకేశాడు.

‘‘అన్నా! బియ్యమున్నయా? ఎవరికన్న బీపీ గోలీలు గావాల్నా?’’

వాడి చేతిలో బిస్కెట్ల డబ్బా చింపిన అట్టముక్క. దానిమీద పేర్లు, ఫోన్‌నంబర్లు. సందులో ఊరెళ్ళకుండా ఎవరు మిగిలారో, ఎవరికి ఎవరూ లేరో రాసుకున్నాడు. నేను తొంగి చూశాను. పదిహేడు ఇళ్ళు. అందులో ఏడింట్లో పిల్లల్లేరు. పైమేడ మీది రిటైర్డు నర్సమ్మ, ఎదురింటి అన్నాచెల్లెళ్ళు, డబ్బింగు చెప్పే ఒకావిడా ఆయనా, ఇంకా ఎవరెవరో. నాలుగేళ్ళనుంచి రోజూ ఎదురుపడుతున్నాం, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. కిరాణాకొట్టుకి తెలుసు! ఎవరింట్లో పాలపొడి కొంటారు, ఎవరు కొనరు అన్న లెక్క వాడి దగ్గర కాక ఇంకెక్కడుంటుంది?

మా పేరు దగ్గర ‘రైటర్ సార్, రెండో అంతస్తు, ఇద్దరే’ అని రాసివుంది.

‘ఇద్దరే’ అన్నమాట నేను చాలాసార్లు విన్నాను. పెళ్ళిళ్ళలో విన్నాను, పేరంటాల్లో మా ఆవిడ విన్నది. ప్రతిసారీ అందులో ఒక ‘అయ్యో’ వుండేది. ఆ అట్టముక్క మీద అది లేదు. ఇద్దరికి ఎంత బియ్యం కావాలో, అంతే వుంది.

* * *

రెండేళ్ళ తర్వాత మరో సంగతి.

మా ఆవిడ చెల్లెలి పెళ్ళికి కాకినాడ వెళ్ళింది. రాత్రి పదకొండింటికి నాకు కడుపులో నొప్పి మొదలైంది. రెండింటికల్లా నిలబడలేకపోయాను. ఎవరికి ఫోను చెయ్యను? తెనాలికి చేస్తే అమ్మ గుండె ఆగుతుంది. చివరికి ఆ కిరాణా కుర్రాడికే చేశాను. లుంగీ మీదే వచ్చాడు, ఆటో తెచ్చాడు, దగ్గర్లోని ఒక ఆస్పత్రిలో చేర్పించాడు. అపెండిసైటిస్, వెంటనే ఆపరేషన్ అన్నారు.

అక్కడొక కాగితం. పేషెంటు తరఫున సంతకం చేసేవారి పేరు, దాని పక్కనే ‘రోగికి ఏమవుతారు’ అని ఒక గడి. కుర్రాడు నా దగ్గరికొచ్చి, ‘‘ఏం రాయాలె అన్నా?’’ అన్నాడు. నేను మాట్లాడే స్థితిలో లేను. వాడు కాసేపు బుర్ర గోక్కుని, ‘కిరాణా’ అని రాసిచ్చాడు.

కౌంటర్లో అమ్మాయి నవ్వాలో కసరాలో తెలియక, ‘‘బంధుత్వం రాయాలండీ’’ అంది. వాడు ‘కిరాణా’ కొట్టేసి ‘తమ్ముడు’ అని రాశాడు.

ఇప్పటికీ ఆ కాగితం జిరాక్సు నా ఫైల్లో వుంది. ‘కిరాణా’ మీద ఒక అడ్డగీత, పక్కనే ‘తమ్ముడు’.

నా ప్రశ్నకి జవాబు నాకు తెలిసింది అక్కడే. పిల్లల్లేనివాళ్ళని ఊళ్ళో జనం అడిగే ప్రశ్నలు రెండున్నాయి. ఒకటి, ‘ఇంకా ఏమీ లేదా?’ రెండోది, ‘ఏం, రెండ్రోజుల్నుంచి కనబడ్డంలేదేం?’ సొంత ఊళ్ళో ఈ రెండూ కలిసే వస్తాయి. కనబడ్డంలేదేం అని అడిగిన నోరే, రెండో నిమిషంలో ఇంకా ఏమీ లేదా అంటుంది. ప్రేమతోనే అంటుంది, అదే కష్టం. కొత్త ఊరు మొదట్లో ఈ రెండూ అడగదు. మొదటి ప్రశ్న లేనందుకు ప్రాణం హాయిగా వుంటుంది, రెండోది లేనందుకు బిక్కుబిక్కుమంటుంది. ఆ బిక్కుబిక్కు భరించలేక మొదటి రెండుమూడు కాగితాల్లోనే వెనక్కి పోయినవాళ్ళు బోలెడుమంది. ఓపిక పట్టినవాళ్ళకి ఏ నాలుగో కాగితానికో, అయిదో కాగితానికో ఆ రెండో ప్రశ్న ఒక్కటే విడిగా వినబడుతుంది. ‘‘ఏమైందన్నా, కానొస్తలేవు?’’

అది విన్నాక ఎవరూ కదలరు.

‘మరి ఇంకో ఊళ్ళోనూ సంపాదించుకోవచ్చుగా?’ అంటారేమో. చెబుతాను. మాకు తెలిసిన ఎడిటింగ్ అసిస్టెంటూ, డబ్బింగు చెప్పే ఆయన భార్యా (ఆ అట్టముక్క మీద పేరున్నవాళ్ళే) మూడేళ్ళ క్రితం నార్సింగి వైపు పెద్ద అపార్టుమెంటుకి మారారు. గేటు, తోట, ఈతకొలను, అన్నీ వున్నాయి. పద్నాలుగు నెలలకి తిరిగొచ్చేశారు. ఏమ్మా అంటే ఆవిడ చెప్పిన మాట:

‘‘అక్కడ పరిచయాలన్నీ స్కూలు బస్సు దగ్గరే అన్నయ్యా! పొద్దున ఏడున్నరకి బస్సు దగ్గర పదిహేనుమంది తల్లులు నిలబడతారు. కబుర్లక్కడే, స్నేహాలక్కడే. ఎవరికీ పేర్లుండవు. బంటీ వాళ్ళ మమ్మీ, చిన్నీ వాళ్ళ డాడీ. నేను ఎవరి మమ్మీనని వెళ్ళి నిలబడను? ఒకరోజు వెళ్ళి నిలబడితే సెక్యూరిటీ వచ్చి, ఏ ఫ్లాటమ్మా అన్నాడు.’’

అదీ సంగతి. కొత్తచోట పిల్లలు తల్లిదండ్రుల్ని తామే తీసుకెళ్ళి పదిమందికీ పరిచయం చేస్తారు. ఆర్నెల్లలో అల్లుకుపోతారు. పిల్లల్లేనివాడు రోజూ అదే కొట్లో ఉప్పు కొని, అదే బెంచీ మీద టీ తాగి, అదే మెట్లు దిగి, ఏళ్ళ తరబడి తన్ను తానే పరిచయం చేసుకోవాలి. అంత కష్టపడి కూడబెట్టింది సామాను లారీలో ఎక్కదు. అందుకే మేం కదలం. కదిలే కాపురం అని మమ్మల్నన్నవాళ్ళకి ఈ లెక్క తెలియదు.

ఇప్పుడు ప్రభుత్వాలు కూడా పిల్లల లెక్క తీస్తున్నాయిలెండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు తెలంగాణలో 1.8, ఆంధ్రలో 1.7. జనాభా తరగకుండా నిలవాలంటే 2.1 కావాలంటారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చెయ్యకూడదన్న నిబంధనని ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. ఒకప్పుడు వద్దన్నారు, ఇప్పుడు కనమంటున్నారు. ఇందులో మాలాంటివాళ్ళ ఊసు ఎక్కడా లేదు. కాని ఆ అంకెలు చూస్తుంటే, ముందుముందు కిరాణా తమ్ముడి అట్టముక్క మీద పేర్లు పెరుగుతాయేగాని తగ్గవనిపిస్తోంది.

* * *

ఇదంతా చదివి, అమీర్‌పేటలో అంతా అన్నదమ్ముల్లా వుంటారనుకుని పెట్టె సర్దుకోకండి! మా పక్కిల్లు అమ్మేశారు, అందులోని ముగ్గురు ఒంటరివాళ్ళు నెల తిరక్కుండా చెల్లాచెదురయ్యారు. మాకు ఏడేళ్ళు పప్పూ, కూరా పెట్టిన కర్రీపాయింటు మూతబడింది. ఇంటి ఓనరమ్మగారికి డెబ్భై దాటాయి. రేపు ఆవిడ పిల్లలు యిల్లు బిల్డరుకిస్తే మా పది కాగితాలూ చిత్తుకాగితాలే. మేం కట్టుకున్న కాపురం కిందున్న నేల మాది కాదు. ఆ భయం రోజూ వుంటుంది.

అన్నిటికన్నా పెద్ద బాధ అమ్మ. ఆవిడ అక్కడ ఒక్కతీ వుంది.

కిందటి వేసవిలో కంటి ఆపరేషనుకని తీసుకొచ్చి రెండు నెలలు అట్టేపెట్టుకున్నాం. మొదటివారం బల్కంపేట ఎల్లమ్మ గుడికీ, పంజగుట్ట సాయిబాబా గుడికీ తిప్పాం. సంతోషించింది. మూడోవారానికి ముఖం వేలాడేసింది. ఏంటమ్మా అంటే, ‘‘ఎవరూ ఏమీ అడగరేందిరా ఈ ఊళ్ళో? కన్నుకి ఇంత కట్టు కట్టుకుని మెట్లమీద కూచుంటే, ఏమైందమ్మా అని ఒక్క మనిషి అడగడే!’’ అంది.

నాకు హాయిగా వున్నదే ఆవిడకి నరకంగా వుంది.

కట్టు విప్పిన మర్నాడే రైలెక్కించమంది. ఎక్కించాను. ఆ సంగతి గుర్తుకొచ్చి, నిన్న రాత్రి సంతకం పెట్టే ముందు నేనే ఫోను చేశాను.

‘‘అమ్మా, మేం అక్కడికి రావడం కాదు. నువ్వే యిక్కడికొచ్చెయ్. నీ పిల్లాణ్ణి నేనిక్కడుంటే, పిల్లల్లేని ఊళ్ళో నువ్వొక్కదానివీ దేనికోసం వుండటం?’’

ఆవిడ మాట ఆవిడకే అప్పజెప్పాను చూడండి! అవతల కాసేపు చప్పుడు లేదు.

‘‘నువ్వు చెప్పేది బాగానే వుందిగానీ, పొద్దున ఏడింటికి నేను తలుపు తియ్యకపోతే మా పాలవాడు గోడ దూకి వచ్చి చూస్తాడురా. పక్కింటి వరమ్మ, ఎదురింటి మాస్టారు, అందరూ దూకుతారు. నలభై ఏళ్ళనుంచి వున్నానిక్కడ. అక్కడ నాకోసం గోడ దూకేవాడెవడు?’’

‘‘అమ్మా! నాకిక్కడ దూకేవాడున్నాడు’’ అన్నాను. ఆస్పత్రి రాత్రి సంగతి ఆవిడకి అంతవరకూ చెప్పలేదు. మొత్తం చెప్పాను, కిరాణాతో సహా.

ముందు తిట్టింది, ఇన్నాళ్ళూ దాచినందుకు. తర్వాత ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని అంది:

‘‘ఆ పిల్లాడికి పెళ్ళయిందా?’’

‘‘అయిందమ్మా. ఇద్దరు ఆడపిల్లలు.’’

‘‘సంక్రాంతికి వచ్చినప్పుడు అరిసెలు కట్టిస్తాను, వాళ్ళకియ్యి. సరే, నువ్వా కాగితం మీద సంతకం పెట్టుకో. కానీ సంక్రాంతికి మాత్రం రెండ్రోజులు కాదు, పదిరోజులుండాలి. తెలిసిందా?’’

తెలిసింది. అమ్మ ఎందుకు కదలదో నేనెందుకు కదలనో, రెండిటికీ కారణం ఒకటేనని పదేళ్ళ తర్వాత తెలిసింది. దానివల్ల ఆవిడ ఒంటరితనం తగ్గదు, రాత్రి ఏ వేళప్పుడు ఫోను మోగినా నా గుండె దడ తగ్గదు. కాకపోతే ఇక ‘దేనికోసంరా’ అన్న ప్రశ్న మా ఇద్దరి మధ్యా రాదు.

సంతకం పెట్టేశాను. అద్దె వెయ్యి పెరిగింది. ఓనరమ్మగారు, నీళ్ళు తక్కువే వాడుతున్నారుగదా అని మరోసారి అడిగి, కాగితం మడిచి పెట్టుకున్నారు.

పెరుగు ప్యాకెట్టు కోసం కిందికి దిగితే కిరాణా తమ్ముడు చిల్లర యిస్తూ అన్నాడు:

‘‘అయితే ఇంకో పదకొండు నెలలు ఈడనే అన్నట్టు!’’

‘‘నీకెవరు చెప్పారయ్యా?’’

‘‘గల్లీల అందరికి ఎర్కనే అన్నా.’’

చూశారా! ఏ ఊళ్ళో అయితే ఎవరూ ఏమీ అడగరని వచ్చి పడ్డామో, ఆ ఊళ్ళో ఇప్పుడు మన సంతకం ఆరకముందే సందంతా తెలిసిపోతోంది. తెనాలిలో అయితే దీనికి నేను విసుక్కునేవాణ్ణి. నిన్న రాత్రి మాత్రం మెట్లెక్కుతూ ఈల వేశాను.

ఇది శుభం కార్డు కాదు. పదకొండు నెలల ఇంటర్వెల్, అంతే. వచ్చేవారం తప్పకుండా సినిమా కబుర్లే చెబుతాను, సారథి టీకొట్టు పెద్దాయన సాక్షిగా!